బల్ల ఎత్తు 76, మోచేయి ఎత్తు 65

ఎం54.2. అమెరికా ఆసుపత్రుల రికార్డుల్లో మెడనొప్పికి వేసే సంకేతం ఇది. కుడిచేతి మణికట్టు దగ్గర నరం నలిగితే జి56.01. కీబోర్డు మీద పనిచేస్తుండగా బాధ మొదలైందని డాక్టరు రాస్తే దానికి కూడా వై93.సి1 అని ఒకటి ఉంది. నేను మెడికల్ కోడర్‌ని. అక్కడి డాక్టర్లు రాసిన కేసు పత్రాలు చదివి, ప్రతి జబ్బుకూ ప్రతి చికిత్సకూ తగిన సంకేతం వేయడం నా ఉద్యోగం. ఆ సంకేతాలను చూసే బీమా కంపెనీలు డబ్బు చెల్లిస్తాయి. అమీర్‌పేటలో శిక్షణ తీసుకుని ఈ రంగంలోకి వచ్చిన ఎందరో ఆడపిల్లల్లో నేనొకదాన్ని. పైన చెప్పిన మూడు సంకేతాలూ నా ఒంటికే వర్తించే పరిస్థితి వచ్చినప్పుడు, దాన్నుంచి ఎలా బయటపడ్డానో వివరంగా రాయాలనిపించింది. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తూ మెడ, భుజాలు పట్టుకుపోయి అవస్థ పడుతున్నవాళ్లు, అందులోనూ నాలా ఎత్తు తక్కువున్న ఆడవాళ్లు దీన్ని చదవాలని నా కోరిక.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఆ రోజుల్లోనే మాదాపూర్‌లోని మా ఆఫీసు నుంచి కంప్యూటర్లు వ్యాన్లలో ఇళ్లకు చేరాయి. సీపీయూ వచ్చింది, రెండు మానిటర్లు వచ్చాయి, కీబోర్డు, మౌసు, హెడ్‌సెట్టు, చివరికి వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు కూడా వచ్చాయి. కుర్చీ రాలేదు. బల్ల రాలేదు. ఆ రెండూ ప్రతి ఇంట్లో ఉంటాయని అనుకున్నారేమో, ఎవరూ అడగలేదు. అప్పటి హడావిడిలో మేమూ అడగలేదు.

హాల్లో కూర్చుందామంటే కుదరదు. రోగుల వివరాలు బయటివాళ్ల కంట పడకూడదని అమెరికాలో 1996 నుంచి హిపా అనే చట్టం ఉంది. అందుకని గది తలుపు మూసుకుని, తెర ఎవరికీ కనపడని చోట కూర్చోవాలని మా కంపెనీ నియమం. నిజాంపేటలో మాది రెండు పడకగదుల ఫ్లాటు. పడకగదిలో, బీరువాకూ కిటికీకీ మధ్య మిగిలిన మూలలో, మా మామయ్యగారి టేకు బల్ల పట్టింది. ఆయన ఖమ్మంలో ఉద్యోగం చేసేటప్పుడు లెక్కలు రాసుకోవడానికి చేయించుకున్నది. దానికింద లోతైన సొరుగు. ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ. అలా మొదలైంది నా ఇంటి ఆఫీసు.

బాధ ఒక్కసారిగా రాలేదు. మొదట కుడి రెక్క ఎముక లోపలి అంచున మంట. వేడినీళ్లు పోసుకుంటే తగ్గేది. కొన్ని నెలలకు సాయంత్రమయ్యేసరికి రెండు భుజాలూ చెవుల దాకా బిగుసుకునేవి. ఆ తర్వాత అర్ధరాత్రి మెలకువ రావడం మొదలైంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి సూదులు గుచ్చినట్టుండేవి. చెయ్యి గట్టిగా విదిలిస్తే కాసేపటికి సర్దుకునేది. జడ అల్లుకోవడానికి చేతులు పైకెత్తలేకపోయాను. ఒకరోజు ఇడ్లీపిండి గిన్నె చేతిలోంచి జారిపోయాక ఇక ఆగలేక ఆసుపత్రికి వెళ్లాను.

పేరున్న ఆసుపత్రే. ఎక్స్‌రే తీశారు. మెడ వెన్నెముకకు ఉండాల్సిన వంపు తగ్గిందని రిపోర్టు వచ్చింది. నొప్పి మాత్రలు, మెడకు పట్టీ, ఆపైన ఎమ్మారై రాశారు. రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటావు, ఎక్కడ కూర్చుంటావు, దేనిమీద కూర్చుంటావు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంది. కంప్యూటర్ ఉద్యోగాల మీద బతుకుతున్న ఈ నగరంలో, మెడనొప్పితో వచ్చిన మనిషిని ఎముకల డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదా? మాత్రలు వాడినన్నాళ్లూ తగ్గింది. మానేశాక మళ్లీ వచ్చింది.

కూకట్‌పల్లిలో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ గురించి మా ఎదురింటావిడ చెప్పారు. అక్కడి ఫిజియోథెరపిస్టు నాకంటే చిన్నదే. నా రిపోర్టులు పక్కన పెట్టి ముందు నా చేతులు పట్టుకుంది. రెండు మణికట్లూ కిందికి వంచి, చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి నిమిషంసేపు అలాగే ఉంచమంది. నిమిషం పూర్తి కాకముందే కుడి వేళ్లు తిమ్మిరెక్కాయి. మణికట్టు దగ్గర నరం ఇరుకున పడిందనడానికి అదొక గుర్తట. తర్వాత మెడను పక్కకు వంచి నెత్తిమీద మెల్లగా నొక్కి చూసింది. చెయ్యిలోకి నొప్పి పాకలేదు. అంటే వేళ్ల తిమ్మిరికి మూలం మెడలో లేదు, మణికట్టులో ఉంది. భుజాల బిగుతు వేరే కథ. థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకుని రమ్మంది. ఆ రెంటివల్ల కూడా మణికట్టు నరం ఇరుకున పడుతుంది కాబట్టి అవి చూడకుండా నేరం బల్ల మీద వేయకూడదని చెప్పింది. రెండూ సరిగానే ఉన్నాయి. నరాల వేగం చూసే పరీక్షలో సమస్య తొలిదశలోనే ఉందని తేలింది.

ఎమ్మారై సంగతి అడిగాను. చెయ్యి బలహీనపడటం, నడకలో తేడా లాంటివి ఉంటే తప్పక తీయించాలని, ఇప్పటికి తొందర లేదని చెప్పింది. నడుంనొప్పి అసలే లేనివాళ్ల స్కానులను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చిందట. అందులో 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 50 ఏళ్లవారిలో 60 శాతం మందికి నడుము డిస్కుల్లో ఉబ్బు కనిపించింది. నొప్పి లేనివాళ్లలో! స్కానులో కనపడిన ప్రతిదీ నొప్పికి కారణం కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి. రోజంతా ఇలాంటి స్కాను రిపోర్టులు చదివే నాకు ఆ మాట ఎంతో ధైర్యాన్నిచ్చింది.

ఆ తర్వాత ఆమె అడిగిన మాటే నా వైద్యాన్ని మలుపు తిప్పింది. "అక్కా, మీరు పనిచేస్తున్నప్పుడు పక్కనుంచి ఒక ఫొటో తీయించి తీసుకురండి. మీకు చెప్పకుండా తీయమనండి. చెబితే సర్దుకుని కూర్చుంటారు."

మా ఆయన తలుపు సందులోంచి ఫొటో తీశారు. దాన్ని చూశాక నాకు కాసేపు మాట రాలేదు. భుజాలు పైకి లేచి ఉన్నాయి. మోచేతులు పక్కలకు విచ్చుకుని బల్ల అంచు మీద ఆనాయి. మణికట్లు పైకి విరిగి ఉన్నాయి. పిరుదులు కుర్చీ ముందంచుకు జారాయి, వీపు మధ్యలో ఏ ఆధారమూ లేదు. తల భుజాల కంటే బాగా ముందుకు చాచి, గడ్డం పైకెత్తి తెరను చూస్తున్నాను. కూర్చోవడం నా బద్ధకం వల్ల చెడిందేమో అనుకున్నాను. ఫిజియోథెరపిస్టు ఒప్పుకోలేదు. ఆ కుర్చీలో, ఆ బల్ల ముందు, ఆ ఎత్తున్న మనిషి ఇంకోలా కూర్చోవడానికి వీల్లేదని, ఇంటికెళ్లి టేపు తీసి కొలవమని చెప్పింది.

ఈ కొలతల గురించే నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నాను. కుట్టుపెట్టెలోని టేపు చాలు.

నా ఎత్తు 154 సెంటీమీటర్లు. చెప్పులు లేకుండా పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే, నేలనుంచి మోకాలి వెనక మడత దాకా 39. కూర్చున్న చోటునుంచి, చేతులు వదులుగా వేలాడేసి మోచేయి మడిస్తే, మోచేయి కింది దాకా 22. అంటే నా కాళ్లు నేలకు హాయిగా ఆనే కుర్చీలో కూర్చుంటే నా మోచేయి నేలనుంచి 61 దగ్గర ఉంటుంది. కీబోర్డు ఆ చుట్టుపక్కలే ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు 43. దానిలో కూర్చుంటే మోచేయి 65. మామయ్యగారి బల్ల 76. పైన కీబోర్డు మందం ఇంకో 2.

బల్ల నా మోచేతి కంటే 11 సెంటీమీటర్లు పైన ఉంది. దాని మీదికి చేతులు చేరాలంటే భుజాలు ఎత్తి పట్టుకోవాల్సిందే, మోచేతులు పక్కలకు విప్పాల్సిందే. రోజుకు తొమ్మిది గంటలు రెండు చేతుల బరువునూ మెడ పక్క కండరాలు మోస్తూ వచ్చాయి. నా నొప్పికి అర్థం టేపు మీద కనపడింది.

ఈ 75, 76 అనేది నా ఒక్కదాని బల్ల కొలత కాదు. దుకాణంలో దొరికే రాతబల్లలు, భోజనాల బల్లలు దాదాపు అన్నీ ఆ ఎత్తులోనే ఉంటాయి. పొడుగైన మగవాడికి అది సరిపోవచ్చు. మనవాళ్ల శరీర కొలతలు తెలియక కాదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మన దేశంలో ఆడవాళ్లవి, మగవాళ్లవి కొలతలు సేకరించి 1997లోనే ప్రచురించింది. ఆ అంకెలు బల్లలు చేసేవాళ్ల దాకా ఎందుకు రాలేదన్నది నా ప్రశ్న. రవిక కుట్టించుకోవడానికి వెళ్తే ఎన్నో కొలతలు తీసుకుంటారు. తొమ్మిది గంటలు కూర్చునే చోటుకు ఒక్క కొలతైనా తీయరు.

దారులు రెండే. కుర్చీని పైకి లేపడం లేదా బల్లను కిందికి దించడం. మొదటిది తేలిక కదా అని గట్టి బూరుగుదూది దిండు వేసుకున్నాను. దిండు అణిగిపోయింది. దళసరి రబ్బరు పరుపు ముక్క వేశాను. ఇప్పుడు ఎత్తు సరిపోయింది కానీ తొడలు సొరుగుకు తగిలాయి. ఆ సొరుగు అడుగు నేలనుంచి 61 దగ్గర ఉంది. మోచేయి బల్ల ఎత్తుకు చేరేలా కుర్చీని 54కు లేపితే నా తొడల మందంతో కలిపి 67 కావాలి. ఎలా చూసినా కుదరదు. పైగా కాళ్లు గాల్లో వేలాడితే తొడల కింద కుర్చీ అంచు ఒత్తుకుని పాదాలు వాచాయి.

అంటే బల్లను కోయించాలి. మామయ్యగారు పోయి అప్పటికి చాలాకాలమైంది. అత్తయ్యకు ఆ బల్ల అంటే ఎంతో అపురూపం. అడగడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన కూడా వెనకాడారు. చివరికి ఫొటో, కాగితం మీద రాసిన అంకెలు అత్తయ్య ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఫొటోను చాలాసేపు చూశారు. "అమ్మాయ్, రోజూ ఇలాగేనా కూర్చుంటున్నావ్?" అన్నారు. అవునన్నాను. "కోయించు. తెగిన ముక్కలు మాత్రం పారేయకండి" అన్నారు. ఆ ముక్కలు నాలుగూ ఇప్పుడు దేవుడి గూటి కింద అరలో భద్రంగా ఉన్నాయి.

వడ్రంగి మేస్త్రి మంచి పనివాడు. టేకు కాళ్లు కోయనని మొదట మొండికేశాడు. "పాడైపోతుందమ్మా, కావాలంటే మీకు కొత్త బల్ల చేసిస్తాను" అన్నాడు. నేను కూర్చుని చూపించాక ఆయనే ఇంకో టేపు తీసి మళ్లీ కొలిచాడు. సొరుగు తీసేసి, కాళ్లు 13 సెంటీమీటర్లు కోసి, బల్లను 63కు తెచ్చాడు. కీబోర్డు పెడితే 65, సరిగ్గా నా మోచేయి దగ్గర. కాళ్లు తగ్గాక బల్ల ఊగకుండా వెనకవైపు అడ్డపట్టీ వేయాలని ఆయనకు ఆయనే వేశాడు. బల్ల ముందంచు పదునుగా ఉండి మణికట్టుకు ఒత్తుకునేది. దాన్ని రందా పట్టి గుండ్రంగా చేయమన్నాను. ఇంట్లో బల్ల ఉన్నవాళ్లు ఈ ఒక్క పనైనా చేయించుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు.

ఇక కుర్చీ. మెట్రో ఎక్కి నాంపల్లి ఫర్నిచర్ బజారుకు వెళ్లాను. ఎత్తయిన వీపుతో, లావైన తోలు దిళ్లతో, చూడగానే అధికారి గదిని తలపించే కుర్చీలు బోలెడున్నాయి. వాటిలో కూర్చుంటే నా పాదాలు నేలకు అందలేదు, వీపు వెనక్కి ఆనలేదు. కుర్చీ లోతు అనేది ఎవరూ చెప్పని కొలత. పూర్తిగా వెనక్కి జరిగి కూర్చుంటే మోకాలి మడతకూ కుర్చీ అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. ఆ సందు లేకపోతే మోకాలి వెనక ఒత్తుకుంటుంది, మనకు తెలియకుండానే ముందుకు జారతాం, జారితే వీపుకు ఆధారం పోతుంది. నా పిరుదులనుంచి మోకాలి మడత దాకా 44. అక్కడి కుర్చీల లోతు 50.

చివరికి బాలానగర్ వైపు, ఖాళీ చేసిన ఆఫీసుల సామాను అమ్మే ఒక గోదాములో దొరికింది. కూర్చునే పలకను ముందుకూ వెనక్కూ జరపగలిగే కుర్చీ, పాతది, కొత్తదాని ధరలో మూడోవంతు కంటే తక్కువకు వచ్చింది. పాత కుర్చీ కొనేవాళ్లు మూడు చూడండి. ఎత్తు పెంచి కూర్చుని కాసేపు ఆగితే మెల్లగా కిందికి దిగుతోందంటే గ్యాసు గొట్టం పోయినట్టే. నడుము దగ్గర ఉబ్బెత్తు మీ నడుము వంపులోకి రావాలి, పైకి వెళ్తే పనికిరాదు. చేతులు ఆనించుకునే భాగాలు బల్ల కిందికి దూరాలి, దూరకపోతే అవి మిమ్మల్ని బల్లకు దూరంగా ఉంచుతాయి. నా కుర్చీకి అవి దూరలేదు, స్క్రూలు విప్పించి తీసేశాను. మెష్ వీపు మన ఏప్రిల్, మే నెలల ఎండకు చాలా నయం.

ఆ కుర్చీ ఎంత దించినా 43 కంటే దిగదు. ఆఫీసు కుర్చీలు చాలావరకు అంతే. నాకు కావాల్సింది 39. మిగిలిన 4 సెంటీమీటర్లకు అత్తయ్య భోజనం పీట సరిపోయింది. నున్నటి పాత చెక్క, కాళ్లకు చల్లగా ఉంటుంది. బజారులో ప్లాస్టిక్ పాదపీఠాలకు పెట్టే డబ్బు నాకు మిగిలింది.

మానిటర్ల విషయంలో ప్రతిచోటా చెప్పే సూత్రం ఒకటుంది. తెర పై అంచు కంటి ఎత్తుకు సమానంగా లేదా కాస్త కిందికి, చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి. తల బరువు సుమారు 5 కిలోలు. అది ముందుకు వంగేకొద్దీ మెడ మీద భారం ఎంత పెరుగుతుందో అమెరికాలో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు 2014లో లెక్క కట్టాడు. 15 డిగ్రీలకు 12 కిలోలు, 30కి 18, 60కి 27. అందుకే తెర కిందుంటే మెడకు చేటు. కానీ నా ఫొటోలో గడ్డం పైకెత్తి ఉంది కదా, దానికి కారణం వేరే. నాకు నలభై దాటాక దగ్గరచూపు, దూరపుచూపు ఒకే అద్దంలో ఉండే కళ్లజోడు వచ్చింది. దగ్గరివి చదివే భాగం అద్దం అడుగున ఉంటుంది. తెర కంటి ఎత్తులో ఉంటే దాన్ని అడుగుభాగంలోంచి చూడటానికి తల వెనక్కి వంచాలి. అలాంటి కళ్లజోడు ఉన్నవాళ్లు తెరను ఇంకాస్త దించి, కొంచెం వెనక్కి వాల్చాలి. కళ్ల డాక్టరును అడిగి తెర దూరానికి మాత్రమే సరిపోయే విడి కళ్లజోడు చేయించుకున్నాను. దాన్ని బల్ల మీదే ఉంచుతాను. మెడ మీద దాని ప్రభావం నేను అనుకున్నదానికంటే ఎక్కువ.

రెండు మానిటర్ల మధ్య సందుకు ఎదురుగా కూర్చునే అలవాటు మా కోడర్లందరిదీ. కేసు పత్రం ఒకదానిలో, సంకేతాల సాఫ్ట్‌వేర్ ఇంకోదానిలో. అలా కూర్చుంటే తల ఏదో ఒక వైపు తిరిగే ఉంటుంది. ఎక్కువసేపు చదివేది కేసు పత్రం కాబట్టి ఆ తెరను ముక్కుకు సూటిగా జరిపాను. రెండోదాన్ని దాని పక్కనే ఆనించి లోపలికి వంచాను.

కీబోర్డుకు కుడివైపు ఉండే అంకెల మీటల గురించి కూడా చెప్పాలి. అవి ఉన్న కీబోర్డు దాదాపు 44 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మౌసు దానికి అవతల ఉంటుంది. కుడిచెయ్యి రోజంతా పక్కకు చాచే ఉంటుంది. నా రెక్క ఎముక మంట కుడివైపే ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. అంకెలు లేని చిన్న కీబోర్డు వాడండని అందరికీ చెబుతారు కానీ మా పనే అంకెలు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర, కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీలో అంకెల మీటలు విడిగా దొరుకుతాయి. చిన్న కీబోర్డు, విడి అంకెల పలక కొన్నాను. పలకను ఎడమవైపు పెట్టాను. మౌసు నా ఒంటికి దగ్గరగా వచ్చింది. ఎడమచేత్తో అంకెలు కొట్టడం అలవాటయ్యేదాకా వేగం తగ్గింది, తర్వాత సర్దుకుంది. నిలువు మౌసు కూడా వాడి చూశాను, నాకు అది పడలేదు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల ఇబ్బంది ఇంకోటి. తెర, మీటలు అతుక్కుని ఉంటాయి. మీటలు చేతికి అందితే తెర కిందికి పోతుంది, తెర కంటికి అందితే చేతులు పైకి పోతాయి. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల దొంతర మీద లేపి, విడి కీబోర్డు, విడి మౌసు వాడటం తప్ప మార్గం లేదు.

రాత్రిళ్లు మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ కట్టుకుని పడుకున్నాను. తిమ్మిరి ముందుగా తగ్గింది దానివల్లే. గడ్డాన్ని వెనక్కి లాగే వ్యాయామం, గోడకు వీపు ఆనించి చేతులు పైకి జరపడం, రెక్కలు రెండూ దగ్గరికి నొక్కడం, ఇవి రోజూ చేశాను, చేస్తున్నాను. ఆ నెలల్లో కూరగాయలు అత్తయ్య కత్తిపీట మీద తరిగిపెట్టారు, బట్టలు పిండే పని మా ఆయన తీసుకున్నారు. మణికట్టు నొప్పికి ఇంటిపని కూడా కారణమే. ఆ పని పంచుకోని ఇంట్లో ఎంత మంచి కుర్చీ కొన్నా సగం వైద్యమే జరుగుతుంది.

అన్నిటికంటే కష్టమైంది లేచి నిలబడటం. గంటకు ఇన్ని కేసులని మాకు లక్ష్యం ఉంటుంది. మౌసు కదలకపోతే పనిచేయని సమయం కింద లెక్క పడుతుంది. అరగంటకు ఒకసారి లేచి రెండు నిమిషాలు తిరగమని ఫిజియోథెరపిస్టు చెబితే, ఆ రెండు నిమిషాలు నా జీతంలోంచి తెంచుకున్నట్టే అనిపించేది. మా టీము లీడరుకు డాక్టరు చీటీ పంపి, నా రోజువారీ కేసుల లెక్కా తప్పుల శాతమూ జతచేసి, లేవడానికి అనుమతి అడిగాను. వెంటనే ఇవ్వలేదు. టీములో ఇదే బాధ ఉన్నవాళ్లందరం కలిసి రాశాక ఒప్పుకున్నారు. ఆఫీసులో ఖాళీగా పడి ఉన్న కుర్చీలను కావాల్సినవాళ్లు తీసుకెళ్లొచ్చని కూడా అప్పుడే చెప్పారు.

ఆ ఉత్తరం రాయడానికి నాకు ధైర్యమిచ్చింది మా పిన్ని కూతురు. తను బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఉంటుంది. ఇంటినుంచి పని మొదలుపెట్టగానే కంపెనీ ఆమెకు ఒక ప్రశ్నావళి పంపింది. కుర్చీ ఎత్తు ఎంత, పాదాలు నేలకు ఆనుతున్నాయా, తెర మీద వెలుగు పడుతోందా అని. జవాబులు చూసి కుర్చీ ఇంటికి పంపారు. బ్రిటన్‌లో కంప్యూటర్ తెరల ముందు పనిచేసేవాళ్ల కోసం 1992లో చేసిన ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. ఇంటినుంచి చేసేవాళ్లకూ అవి వర్తిస్తాయి. ఉద్యోగి కోరితే కంటి పరీక్ష ఖర్చు కూడా యజమానిదే. మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే వీలు కల్పించాలని 44వ సెక్షనులో రాశారు. అంత ముందుచూపుతో ఆలోచించిన దేశంలో, పడకగది మూలలో తొమ్మిది గంటలు కూర్చునే మనిషి కుర్చీ గురించి అడిగేవాళ్లు ఉండాలి. ఇంటికి కంప్యూటర్ పంపే కంపెనీ కుర్చీ కూడా పంపాలి. అద్దె, కరెంటు, ఏసీ ఖర్చు ఇంటివాళ్ల మీద పడ్డప్పుడు కనీసం ఆ మాత్రం న్యాయం జరగాలి.

తిమ్మిరి ఇప్పుడు లేదు. భుజాల బిగుతు పూర్తిగా పోలేదు. నెలాఖరులో పని ఎక్కువైనప్పుడు తిరిగి వస్తుంది, రెండు రోజులు వ్యాయామం పెంచితే తగ్గుతుంది. వారంలో కొన్ని రోజులు మాదాపూర్ ఆఫీసుకు వెళ్తున్నాను. అక్కడి బల్లలు కూడా 75వే. అక్కడికీ ఒక పీట పట్టుకెళ్లాను. ఎత్తు సరిపోక కింద ఇంకో చెక్క వేసి, కుర్చీ పైకి లేపి కూర్చుంటున్నాను.

మా టీములో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటుంది. గదికి ముగ్గురు, ముగ్గురివీ కంప్యూటర్ ఉద్యోగాలే, బల్ల ఒక్కటీ లేదు. మంచం మీద కాళ్లు ముడుచుకుని ఒళ్లో ల్యాప్‌టాప్‌తో పనిచేస్తోంది. అప్పుడే మెడ పట్టేసిందని నాతో అంది. బల్ల కొన్నా పెట్టుకునే చోటు లేదు, హాస్టల్ వాళ్లు ఒప్పుకోరు. ఆలోచించి ఒక పని చేశాం. మడిచి మంచం కింద దాచుకునే ఇస్త్రీ బల్ల కొనిపించాను, దాని ఎత్తు మార్చుకోవచ్చు. మంచం అంచు మీద కూర్చున్నప్పుడు ఆమె మోచేయి నేలనుంచి 66 ఉంది. ఇస్త్రీ బల్లను 64 దగ్గర నిలిపి విడి కీబోర్డు దాని మీద పెట్టింది. ల్యాప్‌టాప్‌ను దాని వెనకే ఒక అట్టపెట్టె మీద లేపింది. వీపుకు ఆధారం మాత్రం ఇంకా కుదరలేదు. గోడవైపు మంచం జరిపి దిళ్లతో ఏమైనా చేయొచ్చేమో చూడాలని ఈ ఆదివారం టేపు తీసుకుని వాళ్ల హాస్టల్‌కు వెళ్తున్నాను.